ఆపరేటరూ వాచ్‌మనూ

రాత్రి రెండున్నరకి పక్కింటావిడ ఫోన్. "బాబూ, మీ ట్యాంకు పొంగి మా పెరట్లోకి ధార కడుతోంది, కాస్త మోటారు కట్టేయండి." కిందికి దిగి చూస్తే సంపు దాదాపు అడుగంటింది. మోటారు మాత్రం మోగుతూనే ఉంది. చేత్తో కట్టేసి హాల్లోకి వచ్చాను. టీవీ వెనకాల ఉండే అరచేతి సైజు కంప్యూటరు మీద ఎర్ర లైటు వెలుగుతోంది, పక్కన మిణుకుమిణుకుమనాల్సిన ఆకుపచ్చ లైటు ఆరిపోయింది. ట్యాంకులో నీళ్లు 20 శాతానికి పడగానే మోటారు వెయ్యమనీ, 95కి రాగానే కట్టెయ్యమనీ నేనే రాసిపెట్టాను. వెయ్యమని చెప్పింది. కట్టెయ్యమని చెప్పేలోగా దాని మెమరీ కార్డు పోయింది.

తెల్లారి కాఫీ ఇస్తూ అమ్మ, "వాచ్‌మన్‌ని పెట్టుకున్నా ఇంతకన్నా నయంరా" అంది.

అమ్మ ఎత్తిపొడుపుకి అన్నా, ఈ అధ్యాయానికి కావలసిన మాట అదే. ఆ చిన్న పెట్టె మా ఇంట్లో రెండు ఉద్యోగాలు చేసేది. సాయంత్రం సినిమా చూపించేది, రోజంతా మోటారునీ వీధి లైటునీ కనిపెట్టుకుని ఉండేది. సినిమా హాల్లో కేబిన్‌లో ఉండే ఆపరేటరూ, అపార్టుమెంటు మెట్ల కింద ఉండే వాచ్‌మనూ ఒకే మనిషైతే ఎలా ఉంటుంది? ఆపరేటరుకి ఆట నడిచే మూడు గంటలే పని, ఆ మూడు గంటలూ ఊపిరి తిరగదు. రీలు తెగితే జనం ఈలలేస్తారు, అతికించి మళ్లీ వేస్తాడు, అక్కడితో సరి. వాచ్‌మన్‌కి రోజు మొత్తంలో పట్టుమని పది నిమిషాల పని ఉండదు, కానీ ఆ పది నిమిషాలు ఎప్పుడొస్తాయో తెలీదు. ఒకడికి బలం కావాలి, ఇంకొకడికి మెలకువ. ఇంటికి చవక కంప్యూటరు ఎంచుకోవడంలో తికమకంతా ఈ ఇద్దరినీ ఒకే జీతానికి కుదుర్చుకోవాలనుకోవడంలోనే ఉంది.

చవక కంప్యూటరు అనగానే అందరికీ గుర్తొచ్చేది రాస్ప్‌బెర్రీ పై. మా టీవీ వెనకాల ఉన్నదీ అదే. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులో అమ్మకానికొచ్చింది. ధర 35 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 1,750 రూపాయలు. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సు చదవడానికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారనీ, వచ్చినవాళ్లకీ ప్రోగ్రాములు రాసిన అలవాటు ఉండటం లేదనీ ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులూ బెంగపడి తయారుచేసిన బోర్డు అది. అంటే పిల్లల పలక. 256 మెగాబైట్ల మెమరీ, 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. దాన్ని టీవీ వెనకాల తగిలించి సినిమాలు చూడటం పక్క వాడకం.

అందులో గుండెకాయ లాంటి ఆర్మ్ ప్రాసెసరు పుట్టిందీ కేంబ్రిడ్జిలోనే, ఏకార్న్ అనే కంపెనీలో. డిజైన్ చేసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ చెప్పే కథ ఒకటుంది. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పుని బోర్డులో పెట్టారు. చక్కగా పనిచేసింది. ఎంత కరెంటు తీసుకుంటోందో చూద్దామని మీటరు పెడితే సున్నా చూపించింది. మీటరు పాడైందనుకున్నారు. తీరా చూస్తే చిప్పుకి కరెంటిచ్చే దారే బోర్డు మీద తెగి ఉంది. చుట్టుపక్కల చిప్పుల నుంచి సంకేతాల తీగల్లో జారి వచ్చిన కాస్త కరెంటుతోనే అది నడిచేస్తోంది! ఈ పొదుపు బుద్ధి వల్లే ఆర్మ్ వంశం తర్వాత మన సెల్‌ఫోన్లన్నింటిలోకీ వచ్చి కూర్చుంది. వాచ్‌మన్ ఉద్యోగానికి ఇంతకన్నా మంచి కులగోత్రాలు ఇంకేం కావాలి?

ఆపరేటరు సంగతి వేరు. అక్కడ కాస్త లెక్క వెయ్యాలి.

ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి మూడు బైట్లనుకుంటే ఒక బొమ్మకి 6.2 మెగాబైట్లు. సెకనుకు 24 బొమ్మలు. రెండున్నర గంటల తెలుగు సినిమా అంటే 9,000 సెకన్లు. గుణించుకుంటూ పోతే 1,340 గిగాబైట్లు దాటుతుంది. అదే సినిమా మన పెన్‌డ్రైవులో 4 గిగాబైట్లలో ఉంటుంది. అంటే 330 రెట్లకు పైగా కుదించారు.

ఎలా కుదిరింది? సినిమాలో బొమ్మకీ బొమ్మకీ మధ్య మారేది తక్కువ గనక. హీరోయిన్ గోడకి ఆనుకుని మాట్లాడుతుంటే గోడ మారదు, పెదవులు కదులుతాయి. కెమెరా గోపురం మీదుగా కుడికి జరిగితే గోపురం మొత్తం ఎడమకి జరుగుతుంది, అంతే. అందుకని బొమ్మని 16 చుక్కల పొడవూ 16 చుక్కల వెడల్పూ ఉన్న గళ్లుగా కోసి, "ఈ గడి కిందటి బొమ్మలో ఏడు చుక్కలు పక్కన ఉండేదే" అని ఒక చీటీ రాసి వదిలేస్తారు. బొమ్మ బదులు చీటీ. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి ఇదే. 2013 నాటి హెచ్‌ఈవీసీలో గడి 64 చుక్కల దాకా పెరగగలదు, చీటీలు ఇంకా గడుసువి. అందుకే ఇంచుమించు సగం జాగాలో అదే నాణ్యత వస్తుంది.

చీటీలు చదివి బొమ్మ గీయడం తేలిక. చీటీలు రాయడమే ప్రాణాంతకం. ఒక గడి ఎక్కణ్ణుంచి జరిగి వచ్చిందో కనిపెట్టాలంటే చుట్టూ వెతకాలి. నాలుగు వైపులా 16 చుక్కల దూరం వెతికినా 33 ఇంటూ 33, అంటే 1,089 చోట్లు సరిచూడాలి. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో గళ్లు 8,160. సెకనుకు 24 బొమ్మలు. ఇది సెకనుకు 21 కోట్లకు పైగా పోలికల లెక్క, ఒక్కో పోలికలో మళ్లీ 256 చుక్కలు. నిజంగా ఈ పని చేసే ప్రోగ్రాములు అడ్డదారులు తొక్కి వెతుకులాట బాగా తగ్గిస్తాయిగానీ, రాసేవాడి పని చదివేవాడి పని కన్నా ఎన్నో రెట్లు బరువన్న మాట మారదు.

అందుకే చిప్పుల్లో ఈ ఒక్క పనికే విడిగా ఒక మూల కేటాయిస్తారు. కత్తితో కూడా చిప్పలోంచి కొబ్బరి తియ్యొచ్చు. చెయ్యి నొప్పెడుతుంది, ముక్కలు పడతాయి. కోరాం ఉంటే రెండు నిమిషాల పని. ప్రాసెసరు కత్తి లాంటిది, అన్నీ కోస్తుంది. వీడియో సర్క్యూటు కోరాం, కొబ్బరి తప్ప ఇంకేదీ కోరదు. ఒక పెట్టె సినిమాకి పనికొస్తుందా లేదా అని అడిగేటప్పుడు గిగాహెర్ట్జ్‌లు లెక్కపెట్టేవాళ్లు కత్తి పదును చూస్తున్నారన్నమాట. అడగాల్సింది కోరాం ఉందా అని, ఉంటే ఏ కాయకి అని.

ఇక్కడ విచిత్రం ఒకటుంది. 2023 చివర్లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5, అంతకుముందున్న పై 4 కన్నా రెండు మూడు రెట్లు వేగం. కానీ హెచ్.264 చదివే సర్క్యూటుని అందులోంచి తీసేశారు. హెచ్‌ఈవీసీకి ఉంది, పాతదానికి లేదు. ప్రాసెసరుకి సత్తువ పెరిగింది గనక హెచ్.264ని అదే కత్తితో కోసుకోమన్నారు, ఫుల్ హెచ్‌డీ దాకా బాగానే కోస్తుంది కూడా. రాసే సర్క్యూటు మాత్రం దేనికీ లేదు. దీనివల్ల ఏమవుతుందంటే, హాల్లో అదే పెట్టెకి టీవీ తగిలించి చూసినంతసేపూ బాధ లేదు. లోపలి గదిలో ఉన్న పాత టీవీకి వైఫై మీద సినిమా పంపాలనుకున్నప్పుడు చిక్కు. ఆ టీవీకి హెచ్‌ఈవీసీ చదవడం రాదు. అప్పుడు పెట్టె ఒకవైపు చదువుతూ, ఇంకోవైపు ఆ టీవీకి తెలిసిన భాషలో కొత్త చీటీలు రాస్తూ పోవాలి. దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. జెల్లీఫిన్, ప్లెక్స్ లాంటి సాఫ్ట్‌వేరు పెట్టుకున్నవాళ్లకి సినిమా గిరగిరా తిరుగుతూ ఆగిపోయేది సాధారణంగా ఇక్కడే. బొమ్మ రూపంలో ఉండే కొన్ని రకాల సబ్‌టైటిల్స్ ఆన్ చేసినా ఇదే తంటా, వాటిని సినిమా మీద అచ్చువేసి పంపాల్సి వస్తుంది గనక.

ఇంటెల్ వాళ్ల చిప్పుల్లో రాసే కోరాం కూడా 2011 నుంచీ ఉంది. ఏడో తరం నుంచి రంగుకి 10 బిట్లు వాడే హెచ్‌ఈవీసీని కూడా చదవగలదు, రాయగలదు. ఆరో తరంలో 8 బిట్లకే సరి. కొనేటప్పుడు ఈ ఒక్క అంకె తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. 2023 జనవరిలో వచ్చిన ఎన్100 అనే చవక చిప్పు ఏవీ1 అనే ఇంకా కొత్త పద్ధతిని కూడా చదువుతుంది.

ఒక మాట మధ్యలోనే చెప్పేయాలి. మీరు చూసేదంతా ఓటీటీయే అయితే ఈ పెట్టెలేవీ కొనకండి. ఆ కంపెనీలు తాళం వేసి పంపుతాయి. తాళంచెవిని చిప్పులోనే భద్రంగా దాచుకునే ఏర్పాటున్న టీవీలకీ, స్టిక్‌లకీ మంచి నాణ్యత ఇస్తాయి, లైనక్స్ పెట్టెలకి తక్కువ నాణ్యత బొమ్మ విదిలిస్తాయి. టీవీకి పెట్టే స్టిక్కే అక్కడ నయం. సొంతంగా దాచుకున్న సినిమాలు, పెళ్లి వీడియోలు, నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాటలు ఉన్నవాళ్లకే ఆపరేటరు కావాలి.

ఇక వాచ్‌మన్. ఇల్లు కాపలా కాయడానికి ఎంత బలం కావాలి? దాదాపు ఏమీ అక్కర్లేదు. "ట్యాంకు 43 శాతం" అన్న కబురు పట్టుమని యాభై బైట్లు ఉండదు. ఇలాంటి కబుర్లు మోసే ఎంక్యూటీటీ పద్ధతిని 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ తయారుచేసింది ఎడారుల్లో చమురు పైపులైన్ల కోసం. ఉపగ్రహం మీద ఒక్కో బైటుకీ డబ్బు కట్టే రోజులు, అందుకని పొదుపుగా అల్లారు. 2013లో పాలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు ఇప్పుడు ఇలాంటి ఇళ్లలో మేస్త్రీ లాంటిది. మామూలు ఇంటికి అది పై 4 మీద కూడా సగం నిద్రలోనే పని చేసుకుపోతుంది.

మరి మా వాచ్‌మన్ ఎందుకు చచ్చాడు? డైరీ రాసి రాసి.

మెమరీ కార్డులో ఒక అక్షరం దిద్దాలంటే ఆ అక్షరాన్నే చెరపడం కుదరదు. చిన్నప్పటి పలక లాగే, ఒక మూల తప్పు రాసినా పలకంతా తుడిచి మళ్లీ రాయాలి. కార్డు లోపల తుడవగలిగే అతి చిన్న ముక్కలో వందల పుటలుంటాయి. తుడిచిన ప్రతిసారీ ముక్క కాస్త అరుగుతుంది, దానికి ఇన్ని తుడుపులనే ఆయుష్షుంటుంది. ట్యాంకు మట్టం, గది వేడి, కరెంటు ఓల్టేజి అన్నీ అయిదు సెకన్లకోసారి డైరీలోకెక్కితే రోజుకు 17,280 సార్లు రాసినట్టు. నేనేమో ఫోటోలకని కొన్న కార్డు పెట్టాను. దానికి తోడు కరెంటు కోత. ఏ పుట ఎక్కడుందో చెప్పే సూచిక ఒకటి కార్డు లోపలే ఉంటుంది. దాన్ని తిరగరాస్తుండగా కరెంటు పోతే పుస్తకం ఉంటుంది, విషయసూచిక చిరిగిపోతుంది. ఇన్వర్టర్ ఉన్నా సరే, దాని వెనకాల యూపీఎస్ అని రాసి ఉన్న వైపు మీట లేకపోతే కరెంటు మారే ఆ రెప్పపాటుకి పెట్టె ఆరి వెలుగుతుంది. అందుకని బోర్డు ఏదైనా, కార్డు మాని చిన్న ఎస్ఎస్‌డీ పెట్టుకోవడం మంచిది.

తీగ సంగతి కూడా చూడండి. ఈ బోర్డులకి కావలసింది 5 ఓల్టులు. పాత సెల్‌ఫోను తీగ ఒకటి సొరుగులో ఉందిగదా అని తగిలిస్తాం. రానూపోనూ దాని నిరోధం 0.2 ఓములు, బోర్డు లాగే కరెంటు 2 ఆంపియర్లు అనుకోండి. ఓమ్ సూత్రం ప్రకారం 0.4 ఓల్టులు తీగే మింగేస్తుంది, బోర్డుకి చేరేది 4.6. రాస్ప్‌బెర్రీ పై మీద 4.63 ఓల్టుల కింద పడితే తెర మూల పసుప్పచ్చ మెరుపు గుర్తు వస్తుంది. సాఫ్ట్‌వేరు తప్పనుకుని వారాలు వెతికే జబ్బుల్లో చాలా వాటికి మందు లావుపాటి తీగ.

ఇప్పుడు ధర. బోర్డు ధర చూసి చవకనుకుంటాం. దానికి అడాప్టరు, కేసు, ఫ్యాను, ఎస్ఎస్‌డీ, దాన్ని తగిలించే చిన్న పలక అన్నీ కలిపేసరికి ఒక పాత ఆఫీసు కంప్యూటరు ధర దాటిపోతుంది. అయితే పాత కంప్యూటర్లలో కరెంటు మింగేవి కూడా ఉన్నాయి. ఏడాది పొడవునా 10 వాట్లు వాడితే 87.6 యూనిట్లు. అటక మీదున్న పాత డెస్క్‌టాప్‌ని దించి పెడదామంటారు కొందరు, అది ఊరికే కూర్చున్నా 60 వాట్లు లాగేదైతే నెలకు 43 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఏడాదికి 4,200 దాటుతుంది. ఉచితంగా వచ్చిన పెట్టె రెండేళ్లలో కొత్త పెట్టె ఖరీదు తినేస్తుంది. పైగా మన బిల్లు స్లాబుల్లో ఉంటుంది గనక కొత్తగా చేరిన యూనిట్లు ఎప్పుడూ మీ ఇంటి పై స్లాబు ధరకే పడతాయి, సగటు ధరకి కాదు. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లు దాటని అర్హులకు బిల్లు సున్నా. 195 దగ్గర ఆగే ఇంట్లో 10 వాట్ల పెట్టె నెలకు 7 యూనిట్లు కలిపిందంటే ఆ నెల బిల్లు మొత్తం చేతికొస్తుంది. ఈ లెక్క ఏ పెట్టె మీదా అచ్చువేసి ఉండదు.

ఇవన్నీ చూసుకున్నాక నేను సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడ పాత ఆఫీసు పెట్టెలు గుట్టలుగా ఉంటాయి. లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ, ఒక్కోటీ ఇంచుమించు లీటరు పాల పాకెట్టంత. ఇవి అంత చవకగా దొరకడానికి కారణం యంత్రం అరిగిపోవడం కాదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఏడో తరం చిప్పుల్లో ఏవో కొన్నింటిని తప్ప ఒప్పుకోదు. ఆఫీసులు మూటగట్టి పంపేశాయి. లైనక్స్ వేసుకునేవాడికి ఆ నిషేధంతో పని లేదు.

కొట్టతను, "ఏది కావాలన్నా, ఐ5 ఉంది, ఐ7 ఉంది" అన్నాడు. ఏడో తరంది, చివర టి అక్షరం ఉన్నది అడిగాను. టి అంటే 35 వాట్ల పరిమితికి కట్టుబడిన రకం, చల్లగా ఉంటుంది. ఆన్ చేసి బయాస్‌లోకి వెళ్లాను. ఆఫీసువాళ్ల పాస్‌వర్డు అడిగితే ఆ పెట్టె పక్కన పెట్టేయడమే. అడగలేదు. కరెంటు పోయి వస్తే తనంతట తనే లేవాలన్న ఆప్షన్ వెతికి ఆన్ చేశాను. మన ఊళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైన మీట అదే. ప్లగ్గు పీకి, పెట్టి చూశాను. లేవలేదు. మళ్లీ బయాస్‌లోకి వెళ్తే తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంది. లోపలి బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. అది లేకపోతే మనం చెప్పిందేదీ గుర్తుండదు. కొట్టతను నవ్వి సొరుగులోంచి కొత్తది తీసి వేశాడు. ఈసారి లేచింది. అడాప్టరు అదే కంపెనీదేనా అని కూడా చూసుకున్నాను. కొన్ని పెట్టెలు అడాప్టరుని గుర్తుపట్టకపోతే వేగం తగ్గించుకుంటాయి. వెనకాల డిస్‌ప్లే పోర్టే ఉంది, హెచ్‌డీఎంఐ లేదు, దానికో కన్వర్టరు. టీవీ రిమోటుతో నడిపే సదుపాయం ఈ ఆఫీసు పెట్టెల్లో దాదాపు ఉండదు, పైలో ఉంటుంది. అమ్మకి అది ముఖ్యం.

అందుకని పై ఇంకా ఇంట్లోనే ఉంది, టీవీ వెనకాల, రిమోటు మాట వింటూ. సినిమాలూ, వాటి చీటీలు రాసే పనీ, హోమ్ అసిస్టెంటూ ఆఫీసు పెట్టెలో ఉన్నాయి. మీటరు పెట్టి చూస్తే ఊరికే ఉన్నప్పుడు 9 వాట్లు. జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో మాట్లాడే స్విచ్చుల కబుర్లందుకునే పుల్లని మొదట దాని వెనకాల యూఎస్‌బీ3 పోర్టులోనే గుచ్చాను, సగం స్విచ్చులు పలకలేదు. యూఎస్‌బీ3 తీగల్లోంచి లీకయ్యే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే పడుతుంది, జిగ్‌బీ మాట్లాడేదీ అక్కడే. అర మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరిపితే అన్నీ పలికాయి.

మోటారు విషయంలో మాత్రం పెట్టెని మార్చి ఊరుకోలేదు. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు 6 ఆంపియర్లు తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో అయిదారు రెట్లు గుంజుతుంది. 10 ఆంపియర్లని రాసి ఉన్న చిన్న రిలేని నేరుగా పెడితే ఏదో ఒక రోజు దాని కాంటాక్టులు కరిగి అతుక్కుంటాయి, ఇక కట్టెయ్యమన్నా కట్టదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మధ్యలో ఆ గుంజుడుని ఓర్చుకునే పెద్ద స్విచ్చు, కాంటాక్టర్, పెట్టించాను. రిలేని నడిపే ఈఎస్‌పీ8266 బోర్డు కొన్ని వందల రూపాయల వస్తువు. దానికే ఒక నియమం రాశాను: ఎవరు వెయ్యమన్నా సరే, 40 నిమిషాలు దాటితే అడక్కుండా కట్టెయ్. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చు కూడా ఉంది. పెద్ద పెట్టె చచ్చినా పక్కింటావిడ నిద్ర చెడదు.

నీటి మట్టం కొలిచేది మూతకి బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సరు. కేక వేసి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం లెక్కగడుతుంది. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లన్నది లెక్కలో రాసి ఉంది. మే నెలలో నల్ల ట్యాంకు లోపలి గాలి 40 దాటుతుంది, అప్పుడు వేగం 355. ప్రతిధ్వని తొందరగా వచ్చేస్తుంది. నీళ్లు మీటరు లోతున ఉన్నా మూడున్నర సెంటీమీటర్లు పైకి ఉన్నట్టు చెబుతుంది. మా వెయ్యి లీటర్ల ట్యాంకులో అది రెండు బిందెల నీళ్లు. వేడి కొలిచే ఇంకో సెన్సరు పెట్టి సరిదిద్దొచ్చు. కొని ఉంచాను కూడా. ఎండ తగ్గాక మిద్దె ఎక్కి పెట్టాలి.